ఆసుపత్రి మంచం ఎక్కని జబ్బుకు ఆఫీసు ఏం ఇవ్వాలి?

(దీర్ఘకాలిక చర్మవ్యాధులున్న కుటుంబాలు, కొన్ని కంపెనీల హెచ్‌ఆర్ ఉద్యోగులు కలిసి హైదరాబాద్‌లో పెట్టుకున్న సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక చిన్న పని చేద్దాం. మీలో ఆఫీసు ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు ఉన్నవాళ్లు చెయ్యెత్తండి. దాదాపు అందరికీ ఉంది. సరే, ఆ కార్డు మీద చర్మం జబ్బుకు ఒక్క రూపాయైనా వచ్చినవాళ్లు మాత్రమే ఎత్తిన చెయ్యి అలాగే ఉంచండి. ఇద్దరు. వెనక వరుసలో ఇంకొకరు. మీరు ముగ్గురూ ఆసుపత్రిలో చేరే ఉంటారు, అవునా? అవునంటున్నారు.

ఇవాళ నేను మాట్లాడేది దీని గురించే. చాలా ఏళ్లు నేను కంపెనీల్లో ఉద్యోగుల బెనిఫిట్స్ చూసుకున్నాను. ఏటా పాలసీ రెన్యూవల్ వచ్చినప్పుడు బ్రోకర్‌తోనూ ఇన్సూరెన్స్ వాళ్లతోనూ కూర్చుని ఒక్కో షరతూ మాట్లాడటం నా పని. ఇంట్లో మా చిన్నమ్మాయికి పసితనం నుంచీ ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి, ఎర్రబడి, దురదపెట్టే జబ్బు. పాలసీ ఎలా రాయిస్తారో నాకు తెలుసు, రాయించిన పాలసీ మన ఇంటికి అక్కరకు రాకపోతే ఎలా ఉంటుందో కూడా తెలుసు. నేను డాక్టర్ని కాను. మందుల పేర్లు చెప్తే అది ఖర్చు అర్థం కావడానికి మాత్రమే. మీ మందు మీ డాక్టరు చెప్పినట్టే వాడండి.

మన కంపెనీలిచ్చే గ్రూప్ పాలసీ దేనికి డబ్బిస్తుందో ముందు చూద్దాం. ఆసుపత్రిలో చేరాలి. 24 గంటలు ఉండాలి. అంతసేపు అక్కర్లేని డే కేర్ చికిత్సలు కొన్ని ఉంటాయి, వాటి జాబితా వేరు. చేరడానికి ముందు 30 రోజుల ఖర్చు, ఇంటికొచ్చాక 60 రోజుల ఖర్చు సాధారణంగా ఇస్తారు. అంటే ఈ పాలసీలో ప్రతి లెక్కా ఆసుపత్రి మంచం దగ్గర మొదలవుతుంది. గుండె ఆపరేషన్‌కీ డెంగీకీ కాలు విరిగినదానికీ ఇది బాగానే పనిచేస్తుంది. సోరియాసిస్, ఎగ్జిమా, బొల్లి ఉన్నవాళ్లలో ఎక్కువమంది మంచం ఎక్కరు. పొద్దున్నే లేచి, ఒంటికి క్రీము రాసుకుని, చొక్కా మీద రాలిన పొట్టు దులుపుకుని, బస్సెక్కి ఆఫీసుకొస్తారు. వాళ్ల ఖర్చంతా మెడికల్ షాపులోనూ ల్యాబ్‌లోనూ స్కిన్ డాక్టరు గదిలోనూ అయిపోతుంది. దాన్ని ఓపీడీ ఖర్చంటారు. మన పాలసీల్లో ఎక్కువవాటిలో అది లేదు.

దీనికి తోడు ఇంకొక షరతు. సౌందర్య చికిత్సలకు డబ్బివ్వం అనేది ప్రతి పాలసీలోనూ ఉంటుంది. అందులోని మాటలు జాగ్రత్తగా చదవండి. ప్లాస్టిక్ సర్జరీతో పాటు, రూపం మార్చడానికి చేసే ఏ చికిత్సకైనా ఇవ్వం అని ఉంటుంది. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికీ, ఆరోగ్యానికి తక్షణ ముప్పు తప్పించడానికి చేసే చికిత్సకీ మాత్రం మినహాయింపు ఉంది. బొల్లికి స్కిన్ గ్రాఫ్టింగ్ చేయించుకుంటే ఈ షరతు కిందే తిరస్కరిస్తారు. సోరియాసిస్‌కు ఒంటి మీద అతినీలలోహిత కాంతి పడేలా చేసే లైట్ ట్రీట్‌మెంట్ బిల్లునూ కొన్నిసార్లు ఇందులోకే నెట్టేస్తారు. నాకు తెలిసిన ఒకాయనకు వచ్చిన లెటర్ నేను చూశాను. ఒంటి మీద మూడో వంతు సోరియాసిస్ ఉన్న మనిషి. లెటర్‌లో 'కాస్మెటిక్ స్వభావం' అని ఒక లైను. అది చదివాక ఆయన ఆ ఫైలు మళ్లీ తెరవలేదు.

ఆ లైనుకు జవాబుంది. 2014 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు కూర్చునే ప్రపంచ ఆరోగ్య సభ సోరియాసిస్ మీద ఒక తీర్మానం చేసింది. ఇది దీర్ఘకాలికమైనది, అంటుకోనిది, నొప్పి పెట్టేది, మనిషిని అశక్తుణ్ణి చేసేది, పూర్తిగా నయం చేసే మందు లేనిది అని అందులో ఉంది. 2025లో అదే సభ చర్మవ్యాధులన్నిటినీ ప్రపంచ ప్రజారోగ్య ప్రాధాన్యంగా గుర్తించాలని ఇంకో తీర్మానం చేసింది. సోరియాసిస్ ఉన్నవాళ్లలో దాదాపు 30 శాతం మందిదాకా కీళ్లు కూడా దెబ్బతింటాయి. వేళ్లు వాస్తాయి, పొద్దున లేస్తే పిడికిలి బిగియదు. దీన్ని అందం కోసం చేయించుకునే చికిత్స అని ఎవరైనా రాస్తే మనం ఊరుకోకూడదు.

ఇప్పుడు ఇంటి ఖర్చు సంగతి. అందరూ మందు ఖరీదంటారు గానీ, అన్ని మందులూ ఖరీదు కావు. సోరియాసిస్‌కు ఇప్పటికీ ఎక్కువగా రాసే మాత్రల్లో మెథోట్రెక్సేట్ ఒకటి, చాలా చవక. దాని వెనక మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు. అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో ఆయన నడిపిన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది, దానికి అడ్డుపడే మెథోట్రెక్సేట్ వర్గం మందుల్నీ తయారుచేసింది. ఇవాళ సోరియాసిస్ వాళ్లకు డాక్టరు మెథోట్రెక్సేట్‌తో పాటు ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా రాస్తారు. చీటీలో ఆ రెండు పేర్లూ పక్కపక్కన చూసిన ప్రతిసారీ నాకు ఆయన గుర్తొస్తారు. ఒక్క మాట, ఈ మందు వారానికి ఒకసారి వేసుకునేది. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాల మీదికొస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే డబ్బా మీద మందు వేసుకునే రోజు పేరు రాసి పెట్టండి.

మాత్ర చవకైనా దానివెంట రక్తపరీక్షలుంటాయి. లివర్, రక్తకణాలు క్రమం తప్పకుండా చూసుకుంటూ ఉండాలి. డాక్టరు ఫీజుంటుంది. ఆపైన మాయిశ్చరైజర్. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే దీన్ని మందుగా ఎవరూ లెక్కపెట్టరు. ఒళ్లంతా ఎగ్జిమా ఉన్న పిల్లలకు వారానికి 250 నుంచి 500 గ్రాముల మాయిశ్చరైజర్ ఇవ్వాలని బ్రిటన్ వైద్య మార్గదర్శకాల్లో ఉంది. వారానికి! మన మెడికల్ షాపులో దొరికే 100 గ్రాముల ట్యూబులతో లెక్కేస్తే నెలకు పది నుంచి ఇరవై. నాకు తెలిసిన ఇళ్లలో నెలకు రెండు ట్యూబులు కొంటారు. అందుకే డాక్టరు 'బాగా పట్టించమ్మా' అంటే తల్లి పల్చగా రాస్తుంది. పల్చగా రాస్తే పొడిబారుతుంది, దురద పెరుగుతుంది, పిల్ల గోకుతుంది, చర్మం తెగి ఇన్ఫెక్షన్ వస్తుంది. అప్పుడు స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ ఎక్కువ వాడాల్సి వస్తుంది. ఆ ట్యూబు బిల్లు పెడితే 'కాస్మెటిక్ ఐటెం' అని తిరిగొస్తుంది.

ఇక ఈ విషయంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది చెప్తాను, హెచ్‌ఆర్ నుంచి వచ్చినవాళ్లు కొంచెం మనసు పెట్టి వినండి. స్కిన్ డాక్టరు ఫీజు, పరీక్షలు చేతి నుంచి పెట్టుకోవాలి కాబట్టి మనవాళ్లు ఏం చేస్తారు? రెండోసారి డాక్టరు దగ్గరికి వెళ్లరు. పాత చీటీ పట్టుకుని మెడికల్ షాపుకు వెళ్తారు. లేకపోతే వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే ఆయన ఒక ఇంజెక్షన్ ఇస్తాడు, నాలుగు రోజుల్లో ఒళ్లు తేటపడుతుంది. చాలాసార్లు అందులో ఉండేది స్టెరాయిడ్. సోరియాసిస్ ఉన్న మనిషికి ఒంట్లోకి స్టెరాయిడ్ ఇచ్చి ఒక్కసారిగా ఆపేస్తే జబ్బు తిరగబెట్టొచ్చు. కొందరికి తల నుంచి కాలి వరకు ఎర్రబడి పొలుసులు ఊడుతాయి, దాన్ని ఎరిత్రోడెర్మా అంటారు. చర్మం ఒంట్లోని వేడినీ నీటినీ పట్టి ఉంచలేదు. మండు వేసవిలో కూడా మనిషి దుప్పటి కప్పుకుని వణుకుతాడు. ప్రాణానికే ముప్పు. అప్పుడు అడ్మిట్ చేస్తారు. అప్పుడు పాలసీ పనిచేస్తుంది. క్యాష్‌లెస్ వస్తుంది, రూమ్ రెంట్ వస్తుంది, సెలైన్ వస్తుంది, లక్షల్లో బిల్లు కంపెనీ పాలసీ మీద పడుతుంది. ముందు ఏడాదంతా కొన్ని వేలు ఇచ్చి ఉంటే ఆ మనిషి ఆ మంచం మీదికి వచ్చేవాడే కాదేమో. ఇందాక చేతులెత్తిన ముగ్గురిలో ఎవరికైనా ఇలాగే జరిగిందా అని నేను అడగను. మీకు తెలుసు.

(సభలో నుంచి ఒక ఆయన: మేడమ్, మా తమ్ముడికి బయలాజిక్ ఇంజెక్షన్ రాశారు. ఇన్సూరెన్స్‌లో రాదన్నారు.)

మంచి ప్రశ్న అన్నా, ఆ విషయానికే వస్తున్నాను. ఏ ఇంజెక్షన్ అది? సెకుకినుమాబ్ అంటున్నారు. సరే. బయలాజిక్ అంటే జీవకణాల్లో తయారుచేసే మందు. ఇన్సూరెన్స్ రెగ్యులేటర్ ఐఆర్‌డీఏఐ 2019 సెప్టెంబరులో మినహాయింపుల మీద మార్గదర్శకాలిచ్చింది. అందులో ఆధునిక చికిత్సలంటూ 12 పేర్లున్న ఒక జాబితా ఉంది. పాలసీలు వీటిని మొత్తంగా మినహాయించకూడదు. రోబోటిక్ సర్జరీ, స్టెమ్ సెల్ చికిత్స లాంటివాటితో పాటు 'ఇమ్యూనోథెరపీ, ఇంజెక్షన్‌గా ఇచ్చే మోనోక్లోనల్ యాంటీబాడీ' అన్నది ఆ జాబితాలో ఉంది. సెకుకినుమాబ్, అడాలిముమాబ్, ఎగ్జిమాకు వాడే డుపిలుమాబ్, ఇవన్నీ మోనోక్లోనల్ యాంటీబాడీలే, అంటే ఒంట్లో ఒక్క లక్ష్యాన్నే పట్టుకునేలా తయారుచేసిన యాంటీబాడీ మందులే. కాబట్టి 'ఈ మందు మా పాలసీలోనే లేదు' అంటే ఆ మాట దగ్గర ఆగకండి. అయితే రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఇన్సూరెన్స్ కంపెనీ సబ్ లిమిట్, అంటే ఆ చికిత్సకు ఇంతకు మించి ఇవ్వం అనే పరిమితి, పెట్టుకోవచ్చు. రెండోదే అసలు చిక్కు. ఈ ఇంజెక్షన్ ఇంట్లోనే పొడుచుకునేలా పెన్ రూపంలో వస్తుంది. సెకుకినుమాబ్ అయితే మొదట్లో వారానికొకటి చొప్పున ఇచ్చి, తర్వాత నెలకొకసారి ఇస్తారు. ఇంట్లో తీసుకుంటే ఆసుపత్రి లేదు, ఆసుపత్రి లేకపోతే అది ఓపీడీ, ఓపీడీ మన పాలసీలో లేదు. మీ తమ్ముడిది ఇదే అయ్యుంటుంది. ఆయన ఆఫీసు హెచ్‌ఆర్‌ను అడగమనండి, 'బయలాజిక్ ఇంజెక్షన్‌ను డే కేర్‌గా పరిగణించాలి' అని పాలసీకి ఒక ఎండార్స్‌మెంట్, అంటే షరతు మార్చే అదనపు కాగితం, రాయించమని. గ్రూప్ పాలసీకి ఉన్న పెద్ద సౌలభ్యం ఇదే. మనం సొంతంగా కొనుక్కునే రిటైల్ పాలసీలో మనం కామా కూడా మార్చలేం. గ్రూప్ పాలసీలో కంపెనీ అడిగితే, ప్రీమియం కడితే, షరతు మారుతుంది. నేను మార్పించాను కాబట్టే చెప్తున్నాను.

తిరస్కరించినప్పుడు కూడా నోటిమాటతో వదిలెయ్యకండి. ఏ క్లాజు కింద కాదంటున్నారో రాతపూర్వకంగా చెప్పాలి, అది నిబంధన. క్లెయిమ్‌లు పరిశీలించే కమిటీ ఆమోదం లేకుండా కింది ఉద్యోగి ఒక్కడే తిరస్కరించడానికి వీల్లేదు. ముందు ఇన్సూరెన్స్ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఇన్సూరెన్స్ ఫిర్యాదులు విని తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఏడాది లోపు వెళ్లాలి. డాక్టరు చీటీ మీద కేవలం 'చర్మ సమస్య' అని ఉంటే చాలదు. జబ్బు పేరు, ఒంట్లో ఎంత భాగం మీద ఉంది, కీళ్లు కూడా దెబ్బతిన్నాయా, ఇంతకుముందు ఏ మందులు పనిచెయ్యలేదు, ఇవన్నీ రాయించుకోండి. ఎదురుగా ఒక ఫొటో కంటే ఆ నాలుగు లైన్లే కమిటీలో ఎక్కువ పని చేస్తాయి.

కంపెనీ పాలసీల గురించే మాట్లాడుతున్నాను గానీ, జీతం నెలకు 21,000 రూపాయల లోపున్నవాళ్లకు ఈఎస్ఐ, అంటే ప్రభుత్వం నడిపే ఉద్యోగుల బీమా, ఉంటుంది. ఈ విషయంలో ఈఎస్ఐ చాలా కార్పొరేట్ పాలసీల కన్నా మేలు. నిజంగా అంటున్నాను. 1948లో చేసిన చట్టం, 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీలో మొదలైన పథకం. అందులో ఓపీడీ ఉంది. డిస్పెన్సరీలో డాక్టరు చూస్తాడు, మందులు ఇస్తారు, చికిత్స ఖర్చుకు పరిమితి లేదు. భార్యాపిల్లలకే కాదు, మన మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా వర్తిస్తుంది. ఉద్యోగి జీతంలోంచి 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడతారు. జబ్బు చేసి పనికి రాలేకపోతే ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఇస్తారు. సనత్‌నగర్‌లో ఈఎస్ఐ మెడికల్ కాలేజీ, ఆసుపత్రి ఉన్నాయి. క్యూలుంటాయి, ఒక్కోసారి మందు బయట కొనమంటారు, అదంతా నిజమే. కానీ మంచం ఎక్కితేనే డబ్బిస్తాం అనే షరతు అక్కడ లేదు. సెక్యూరిటీ వాళ్లు, హౌస్‌కీపింగ్ వాళ్లు, గార్మెంట్ యూనిట్లో పనిచేసేవాళ్లు తమకు ఈఎస్ఐ ఉందని తెలియకే ప్రైవేటులో అప్పు చేసి వైద్యం చేయించుకుంటున్నారు. హెచ్‌ఆర్ వాళ్లు వాళ్లకు ఐపీ నంబర్, అంటే ఈఎస్ఐలో వాళ్ల బీమా నంబర్, ఇచ్చి ఊరుకోకండి. మీ డిస్పెన్సరీ ఫలానా చోట ఉంది, ఇంట్లోవాళ్ల పేర్లు ఎక్కించుకోండి అని తెలుగులో ఒక కాగితం ఇవ్వండి.

జీతం 21,000 దాటినప్పుడు ఏమవుతుందో కూడా చూసుకోవాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు ఒక కంట్రిబ్యూషన్ పీరియడ్ (చందా కట్టే కాలం), అక్టోబర్ నుంచి మార్చి వరకు ఇంకోటి. మధ్యలో ఇంక్రిమెంట్ వచ్చినా ఆ పీరియడ్ అయ్యేదాకా కట్టాలి, ఆ కట్టినదానికి వచ్చే వైద్యం కూడా తర్వాత కొన్ని నెలలు కొనసాగుతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా ఓపీడీ పోతుంది. జీతం వెయ్యి పెరిగిన సంతోషం ఇంట్లో సోరియాసిస్ ఉన్నవాళ్లకు మెడికల్ షాపు దగ్గర ఆవిరైపోతుంది. అలా ఈఎస్ఐ నుంచి గ్రూప్ పాలసీకి మారేవాళ్ల పేర్లు కంపెనీకి ముందే తెలుసు. కనీసం వాళ్లకోసమైనా ఓపీడీ పెట్టండి.

ఇప్పుడు కుటుంబం. అంటే జబ్బు లేనివాళ్ల సంగతి. బ్రిటన్‌లో కార్డిఫ్ నగరంలో ఆండ్రూ ఫిన్లే అనే డాక్టరు 1994లో సహచరుడితో కలిసి పది ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు, చర్మవ్యాధి మనిషి రోజువారీ జీవితాన్ని ఎంత దెబ్బతీస్తుందో కొలవడానికి. దురద ఎంత, బట్టలు ఏవి వేసుకుంటున్నావు, పనికి వెళ్లగలుగుతున్నావా, ఇలా ఉంటాయి. 2007లో వాళ్ల బృందమే కుటుంబసభ్యుల కోసం వేరే పట్టిక తెచ్చింది. ఇంట్లో పని ఎంత పెరిగింది, నీ ఉద్యోగం మీద, నీ డబ్బు మీద, నీ మనసు మీద ఎంత ప్రభావం పడింది అని రోగి పక్కన ఉన్న మనిషిని అడుగుతారు. మన కంపెనీల్లో ఎవరూ అడగని ప్రశ్నలవి.

మా ఇంట్లో ఎలా ఉంటుందో చెప్తాను. చలికాలంలో, సంక్రాంతికి ముందు ఆ పొడిగాలి రోజుల్లో, రాత్రి స్నానం అయిన వెంటనే తడి ఆరకముందే పిల్ల ఒళ్లంతా మాయిశ్చరైజర్ పట్టించాలి. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎర్రగా ఉన్నచోట ఆయింట్‌మెంట్ వేరే. చేతులకు కాటన్ తొడుగులు. గోళ్లు రెండు రోజులకోసారి కత్తిరించాలి. ఇంత చేసినా అర్ధరాత్రి దాటాక గోకుడు మొదలవుతుంది. చీకట్లో కాటన్ తొడుగు దుప్పటి మీద రాసుకునే శబ్దం విని నేను గానీ ఆయన గానీ లేస్తాం. పిల్ల నిద్రలోనే ఏడుస్తుంది. మళ్లీ పడుకునేసరికి మూడవుతుంది. తొమ్మిదిన్నరకు మీటింగు. అటెండెన్స్ షీట్‌లో ఇదంతా 'లేట్' అనే ఒక్క మాట కింద ఉంటుంది. నా పరిస్థితి నయమే, నాది డెస్క్ ఉద్యోగం. షిఫ్టులో మెషీన్ దగ్గర నిలబడే తల్లి ఈ నిద్రతో పనికి వస్తే అది ప్రమాదం కూడా.

అందుకే నేను డబ్బు కన్నా ముందు టైమ్ అడుగుతాను. లైట్ ట్రీట్‌మెంట్ సంగతి తీసుకోండి. నారోబ్యాండ్ యూవీబీ అంటారు. క్యాబిన్‌లో నిలబడేది కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాలు. కానీ వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి వెళ్లాలి. మధ్యలో మానేస్తే ఫలితం ఉండదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు, గచ్చిబౌలిలో ఆఫీసు ఉన్నవాళ్లకు ఆ రెండు నిమిషాల కోసం పూట పోతుంది. వారానికి మూడు హాఫ్ డే లీవులు ఎవరిస్తారు? నెలలోపే మానేస్తారు. ఆ మనిషికి కావాల్సింది సెలవు కాదు. పదింటికి బదులు పదకొండున్నరకు వచ్చి, సాయంత్రం ఆ గంటన్నర పనిచేసే వెసులుబాటు. దీనికి కంపెనీకి రూపాయి ఖర్చు లేదు. మేనేజర్ దయ మీద వదలకుండా పాలసీలో రాసి పెట్టాలి. మేనేజర్ మారినప్పుడల్లా మళ్లీ ఒళ్లు చూపించి బతిమాలుకునే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

ఒళ్లు చూపించడం అన్నాను కదా. మన దగ్గర చాలామంది అసలు క్లెయిమ్ పెట్టరు, ఆఫీసులో తెలిసిపోతుందని. ఎండాకాలంలో కూడా ఫుల్ హ్యాండ్స్ వేసుకుని, క్యాంటీన్‌లో విడిగా కూర్చుని తినేవాళ్లు నాకు తెలుసు. ఒకమ్మాయికి చేతుల మీద బొల్లి మచ్చలు కనిపించడం మొదలయ్యాక రిసెప్షన్ నుంచి తీసి లోపలి గదికి మార్చారు. ఆమె జీతం తగ్గలేదు, కాబట్టి ఎవరూ తప్పనుకోలేదు. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. సోరియాసిస్ అంటదు. బొల్లి అంటదు. ఎగ్జిమా అంటదు. ఈ మాట క్యాంటీన్ గోడ మీద పోస్టర్‌గా ఉండాలి, కొత్తగా చేరినవాళ్లకు చెప్పే మాటల్లో ఉండాలి. ఇక క్లెయిమ్ కాగితాలు నేరుగా టీపీఏకు, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థకు, వెళ్లాలి. జబ్బు పేరు హెచ్‌ఆర్ మెయిల్‌లోకి, ఎక్సెల్ షీట్‌లోకి రానక్కర్లేదు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఉద్యోగి ఆరోగ్య వివరాలను కంపెనీలు ఇష్టం వచ్చినట్టు చేతులు మార్చే రోజులు పోవాలి. ప్రీమియం మాట్లాడేటప్పుడు హెచ్‌ఆర్‌కు మొత్తం లెక్కలు చాలు, పేర్లు అక్కర్లేదు.

కంపెనీ తరఫున వచ్చినవాళ్లు ఇప్పటికే లెక్కలేస్తూ ఉంటారు. వేద్దాం. మన దేశంలో సోరియాసిస్ ఎంతమందికి ఉందంటే, పెద్దవాళ్లలో 0.44 నుంచి 2.8 శాతం వరకు అని అంచనాలున్నాయి. వెయ్యిమంది ఉన్న కంపెనీలో నలుగురైదుగురి నుంచి ఇరవై ఎనిమిది మంది. వాళ్లలోనూ చాలామందికి పూత మందులతో, మాత్రలతో సరిపోతుంది, బయలాజిక్ దాకా వెళ్లేది కొద్దిమందే. ఎగ్జిమా పిల్లల్ని, బొల్లిని కలిపినా ఇది కంపెనీని ముంచే ఖర్చు కాదు.

ఓపీడీని పాలసీలో పెట్టాలా, కంపెనీ సొంతంగా ఇవ్వాలా అనేదానికి నా దగ్గర ఒకే జవాబు లేదు, రెంటికీ లాభనష్టాలున్నాయి. ఏడాదికి ఎంత వాడతారో ముందే తెలిసిన ఖర్చుకు ఇన్సూరెన్స్ కంపెనీ దాదాపు అంతే ప్రీమియం అడుగుతుంది, పైగా తన ఖర్చులు కలుపుతుంది. అందుకని కొందరు సొంతంగా ఒక మొత్తం పక్కన పెట్టి బిల్లులకు డబ్బిస్తారు. అక్కడ పన్ను చిక్కు వస్తుంది. ఒకప్పుడు ఏడాదికి 15,000 రూపాయల వరకు మెడికల్ బిల్లులకు పన్ను ఉండేది కాదు, పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది, మార్చి వచ్చిందంటే మెడికల్ షాపు బిల్లులు పోగేసేవాళ్లం. 2018 బడ్జెట్‌లో దాన్ని తీసేసి, బిల్లులు అక్కర్లేకుండా జీతంలోంచి అందరికీ ఒకే మొత్తం తగ్గించే స్టాండర్డ్ డిడక్షన్ తెచ్చారు. మామూలు క్లినిక్ బిల్లుకు కంపెనీ డబ్బిస్తే ఇప్పుడు అది జీతంలో కలిసి పన్ను పడుతుంది. గ్రూప్ పాలసీకి కంపెనీ కట్టే ప్రీమియం మాత్రం ఉద్యోగి జీతం కింద లెక్కలోకి రాదు. అందువల్ల మధ్యస్థ కంపెనీలకు నేను చెప్పేది, ఓపీడీని పాలసీలోనే పెట్టించండి, తక్కువ మొత్తమైనా పర్వాలేదు. కానీ అందులో మూడు మాటలు తప్పక రాయించండి: స్కిన్ డాక్టరు చీటీ ఉంటే మాయిశ్చరైజర్ కూడా మందే, లైట్ ట్రీట్‌మెంట్ కూడా చికిత్సే, రక్తపరీక్షలు కూడా అందులోవే. ఈ మాటలు లేని ఓపీడీ కవర్ దంతాల క్లీనింగ్‌కీ కళ్లజోళ్లకీ పోతుంది గానీ మన ఇళ్లకు రాదు.

ఉద్యోగం పోయినవాళ్లు, పోతుందేమోనన్న టెన్షన్‌లో ఉన్నవాళ్లు ఈ హాల్లో కూడా ఉంటారు, ఐటీ ఊరు ఇది. గ్రూప్ పాలసీ ఆఖరి పనిదినంతో ఆగిపోతుంది. బయట కొత్త పాలసీ కొంటే ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ల వరకు వెయిటింగ్, అంటే క్లెయిమ్ ఇవ్వని కాలం, పెట్టొచ్చు. గ్రూప్ పాలసీలో చాలావరకు ఈ వెయిటింగ్ ఉండదు, మొదటిరోజు నుంచే జబ్బు కవర్ అవుతుంది, ఆ విలువ పోయాక తెలుస్తుంది. అయితే గ్రూప్ పాలసీలో ఉన్నవాళ్లు అదే ఇన్సూరెన్స్ కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారొచ్చు, ఇప్పటిదాకా గడిచిన కాలాన్ని వెయిటింగ్‌లో తగ్గిస్తారు. ఒప్పుకునేది వాళ్ల పరిశీలన మీద ఆధారపడి ఉంటుంది, ప్రీమియం కూడా మనమే కట్టుకోవాలి. కానీ రిలీవింగ్ లెటర్ చేతికొచ్చాక కాకుండా, నోటీస్ పీరియడ్ మొదట్లోనే రాతపూర్వకంగా అడగండి. జబ్బు ఉందని దాచిపెట్టి కొత్త పాలసీ తీసుకోవద్దు. తర్వాత ఏ క్లెయిమ్ వచ్చినా ఆ దాపరికమే అడ్డొస్తుంది.

చివరిగా ఒక పని చెప్తాను. సోమవారం ఆఫీసుకెళ్లాక మీ గ్రూప్ పాలసీ రెన్యూవల్ ఏ నెలలోనో కనుక్కోండి. రెన్యూవల్ ఏప్రిల్‌లో అయితే షరతులు మార్చే మాటలు జనవరి, ఫిబ్రవరిలో జరుగుతాయి. మార్చి నెలాఖరులో వెళ్తే 'వచ్చే ఏడాది చూద్దాం' అంటారు. ఒక్కరే అడగడానికి మొహమాటమైతే నలుగురు కలిసి ఒక మెయిల్ రాయండి, పేర్లు బయటపెట్టడం ఇష్టం లేకపోతే వెల్ఫేర్ కమిటీ ద్వారా పంపండి. హెచ్‌ఆర్ వాళ్లు, మీరు ఈ ఏడాది బ్రోకర్‌ను కొటేషన్ అడిగేటప్పుడు ఓపీడీ ఉన్నదీ లేనిదీ రెండూ పక్కపక్కన అడగండి. తేడా ఎంతో చూశాక మాట్లాడదాం. ఆ కొటేషన్లు చదవడానికి సాయం కావాలంటే సభ అయ్యాక ఇక్కడే ఉంటాను.

ఇప్పుడు మీ ప్రశ్నలు. ముందు అమ్మా, మీరు. మైకు ఆవిడకివ్వండి.